చతురంగ శబ్దం – వాక్ఛలం

ప్రవచన వేదికలపైన, పండుగ సంచికలలో, చరవాణి సందేశాలలో నిరంతరం పునరుక్తమయ్యే వాక్యాలు మూడు ఉన్నాయి. చదరంగం ఐదువేల సంవత్సరాల క్రితం పుట్టిందన్నది మొదటిది. హస్తినాపుర సభలో ధర్మరాజు శకునితో ఆడింది చదరంగమేనన్నది రెండవది. లంకను వానరసేన ముట్టడించిన వేళ భర్తకు వినోదార్థం మండోదరి ఈ క్రీడను కల్పించిందన్నది మూడవది. వక్త వీటిని సగర్వంగా ఉచ్చరిస్తాడు, శ్రోతలు కరతాళధ్వనులు చేస్తారు. ఈ మూడింటిలో ఒక్కటీ ప్రమాణం ముందు నిలవదు. ఇది అల్పవిషయం, కేవలం ఒక ఆట పుట్టుక, దానికి ఇంత విచారణ ఎందుకు అనేవారు రెండవ వాక్యం పర్యవసానాన్ని ఒక్కసారి చూడాలి. అది నిజమైతే సభాపర్వమే అర్థరహితమవుతుంది.

సభాపర్వంలో ఉన్నవి అక్షాలు, అనగా పాచికలు. వాటి స్వరూపమేమిటో ఇతిహాసమే అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ద్వారా విశదం చేస్తుంది. బాహుక వేషంలో ఉన్న నలునికి ఋతుపర్ణుడు అక్షహృదయాన్ని ఉపదేశించే ముందు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుమాత్రంతో లెక్కించి చెబుతాడు. సంఖ్యాజ్ఞానమే ఆ విద్యకు ప్రాణం. ఋగ్వేదం దశమ మండలంలోని 34వ సూక్తంలో సర్వస్వం కోల్పోయి విలపించే జూదరి చేతిలో ఉన్నవీ ఆ తాండ్రకాయలే. అక్షక్రీడలో ఫలం పాచిక పతనంపై ఆధారపడుతుంది. ఆ పతనాన్ని హస్తలాఘవంతో లోబరచుకోవడమే శకుని విద్య. అందుకే అది కపటద్యూతం.

చదరంగంలో కపటానికి చోటెక్కడ? అరవైనాలుగు గడులూ ఇరువురి కన్నుల ముందే ఉంటాయి. ముప్పైరెండు బలాలూ బహిరంగమే. విధికి గాని, దైవానికి గాని, హస్తలాఘవానికి గాని అక్కడ అవకాశం లేదు. అట్టి క్రీడలో ధర్మరాజు ఓడి ఉంటే అది అతని బుద్ధిమాంద్యం మాత్రమే. శకుని మోసగాడు కాడు, సమర్థుడైన క్రీడాకారుడు. అప్పుడు విదురుని హెచ్చరికకు పట్టు ఉండదు, వనవాసం వెనుక ఉన్న అన్యాయం సగానికి సగం కరిగిపోతుంది. పాండవుల కీర్తిని పెంచుతున్నామనుకొని ఈ వాక్యాన్ని పలికేవారు తెలియకుండానే దుర్యోధన పక్షాన వాదిస్తున్నారు. విరాటపర్వంలో కంకుడు ప్రస్తావించిన వైడూర్య, సువర్ణ, దంతమయమైన కాయలను చూపి అవి చదరంగపు బలాలేనని వాదించేవారు లేకపోలేదు. కాని ఆ కాయల చెంతనే నల్లని, ఎర్రని అక్షాలూ అక్కడ ఉన్నాయి. పలకపై కాయలు నడిపిన ప్రతి ఆటా చదరంగమైతే పచ్చీసు కూడా చదరంగమే కావాలి.

ఈ భ్రాంతికి మూలం ఒక్క పదం, చతురంగం. భారతంలో ఆ పదం పుష్కలంగా ఉంది, సందేహం లేదు. కాని అక్కడ దానికి సేన అని అర్థం: రథ, గజ, తురగ, పదాతి సమాహారం. అదే పదాన్ని క్రీడార్థంలో గ్రహించి, ఇదిగో వ్యాసవచనం అనడం ఏ కోవకు చెందుతుందో గౌతముని న్యాయశాస్త్రం ఏనాడో నిర్ణయించింది. వక్త అభిప్రాయపడిన అర్థాన్ని విడిచి, శబ్దానికున్న మరొక అర్థాన్ని కల్పించి వాదించడం వాక్ఛలం. వాత్స్యాయన భాష్యంలోని నవకంబల దృష్టాంతం తర్క విద్యార్థులందరికీ తెలుసు. ఒకడు కొత్త కంబళి కలవాడని చెబితే, ఇతనికి తొమ్మిది కంబళ్లెక్కడివని ఆక్షేపించడం ఛలం. జల్పంలో గెలుపే ప్రయోజనం కనుక అక్కడ ఛలానికి చోటుంది. తత్త్వనిర్ణయమే ప్రయోజనమైన వాదంలో దానికి ప్రవేశం లేదు. సనాతన ధర్మానికి ప్రతినిధులుగా మాట్లాడేవారు ఆ ధర్మమే నిషేధించిన ఆయుధాన్ని పట్టుకోవడం విచిత్రం.

అదే పదంలోని అర్థద్వయాన్ని ధర్మబద్ధంగా ప్రయోగించిన వాడు బాణభట్టు. క్రీస్తుశకం ఏడవ శతాబ్దంలో రచించిన హర్షచరితంలో తన ప్రభువు పాలనను ప్రశంసిస్తూ, ఆ రాజ్యంలో చతురంగకల్పన అష్టాపదాలపైనే కనిపిస్తుందని భావం వచ్చేలా ఒక మాట అన్నాడు. అష్టాపదమంటే ఎనిమిదేసి గడుల పలక. చతురంగకల్పన అంటే నాలుగు బలాల కూర్పు అని ఒక అర్థం, కాలుసేతులు ఖండించే దండన అని మరొక అర్థం. అట్టి క్రూరదండన హర్షుని రాజ్యంలో లేదు, ఉన్నదల్లా ఆటపలకపైనే అని తాత్పర్యం. ఇది శ్లేష. రెండర్థాలూ ఉన్నాయని పాఠకునికి తెలిపి ఆనందపెట్టేది శ్లేష, ఒక అర్థాన్ని దాచి వంచించేది ఛలం. చదరంగ చరిత్రకు భారతదేశంలో లభించే అతి ప్రాచీన సాక్ష్యాలలో ఈ శ్లేష ప్రముఖమైనది. ఇంత చక్కని సాక్ష్యం చేతిలో ఉండగా, అది పదమూడు శతాబ్దాల నాటిదే కదా అని చిన్నబుచ్చుకొని ఐదువేల ఏళ్ల అంకెకు పరుగెత్తడం దేనికి?

ఆ అంకె ఎక్కడిదో తెలిస్తే స్వదేశాభిమానులు నివ్వెరపోతారు. 1790లో సర్ విలియం జోన్స్ భారతీయ చదరంగంపై ఒక వ్యాసం ప్రకటించాడు. తనకు రాధాకాంతుడనే పండితుడు చెప్పిన సంగతులను అందులో పొందుపరిచాడు. ముట్టడి సమయంలో రావణుని భార్య ఈ ఆటను కల్పించిందన్న కథ ఆంగ్లంలో అచ్చుకెక్కింది ఆ వ్యాసంలోనే. వాల్మీకి యుద్ధకాండలో మండోదరి విలాపం ఉంది, చదరంగం లేదు. వ్యాసుడు యుధిష్ఠిరునికి నలుగురు ఆడే ఒక చతురంగాన్ని బోధించినట్లుగా ఉన్న శ్లోకాలనూ జోన్స్ పరిచయం చేసి, అవి భవిష్యపురాణంలోనివని రాశాడు. ఆ శ్లోకాలు వాస్తవంగా కనిపించేది వంగదేశీయుడైన రఘునందనుని తిథితత్త్వంలో. అది పదహారవ శతాబ్దపు ధర్మనిబంధం. ఆశ్వయుజ పౌర్ణమి నాడు, కోజాగర రాత్రి లక్ష్మీప్రీతికై మేల్కొని క్రీడించే ఆచారాన్ని నిర్ణయించే సందర్భంలో అవి వచ్చాయి. ఆ ఆటలో ఒక్కొక్కరికి రాజు, ఏనుగు, గుర్రం, నౌక, నాలుగు బంట్లు. ఏ బలం కదలాలో పాచిక నిర్ణయిస్తుంది. అది జాగరణ రాత్రికి తగిన వినోదం, పాండవ కాలపు దస్తావేజు కాదు.

ఆ శ్లోకాలను పురాణమని నమ్మి, నలుగురి ఆటే ఆదిమరూపమని భావించి, దానికి క్రీస్తుపూర్వం మూడువేల సంవత్సరాల ప్రాచీనతను కట్టబెట్టిన వాడు లండన్ కింగ్స్ కళాశాలలో ప్రాచ్యభాషల ఆచార్యుడైన డంకన్ ఫోర్బ్స్. ఆయన స్కాట్లండ్ వాడు, ఆ గ్రంథం అచ్చయింది 1860లో. పద్నాలుగేళ్లకే, 1874లో, వాన్ డెర్ లిండే ఆ సిద్ధాంతాన్ని కూల్చాడు. 1913లో హెచ్.జె.ఆర్. మర్రే తన బృహద్గ్రంథంలో పునాదులనూ తవ్వేశాడు. కూలిన ఆ ఇంటి ఇటుకలే ఇప్పటికీ మన వేదికల మీద ప్రదర్శితమవుతున్నాయి. పాశ్చాత్యులు మన చరిత్రను వక్రీకరించారని గర్జించే నోటితోనే ఒక పాశ్చాత్యుని కాలగణన దోషాన్ని ఋషిప్రోక్తంగా వల్లించడం కన్నా హాస్యాస్పదమైనది ఏముంటుంది?

సత్యచరిత్ర దరిద్రంగా ఉంటే అసత్యాన్ని ఆశ్రయించినవారిపై జాలిపడవచ్చు. ఇక్కడ ఆ దారిద్ర్యమూ లేదు. అష్టాపద ఫలకం చదరంగం కన్నా ప్రాచీనమైనది. పతంజలి మహాభాష్యానికి తెలుసు, బౌద్ధుల బ్రహ్మజాలసుత్తంలో భిక్షువులకు వర్జ్యమైన ఆటల జాబితాలోనూ ఉంది. అష్టపదం కాక అష్టాపదమని దీర్ఘం రావడానికి అది సంజ్ఞాశబ్దం కావడమే హేతువని వైయాకరణులు చెబుతారు. ఆ పాత పలకపైన ఎవరో ఒక అజ్ఞాత మేధావి సేనను మోహరించి, పాచికను పక్కకు నెట్టి, ఫలాన్ని పురుషప్రయత్నానికి అప్పగించాడు. అతని పేరు మిగలలేదు. ఆ ఆట పారశీకం చేరింది. ఖుస్రో అనూషిర్వాన్ కొలువుకు హిందూదేశపు రాజు దీనిని ప్రహేళికగా పంపాడనీ, మంత్రి బుజుర్గ్‌మిహ్ర్ దాని మర్మాన్ని ఛేదించాడనీ పహ్లవీ భాషలోని ఒక చిరుగ్రంథం కథ చెబుతుంది. ఆటను తమదిగా చెప్పుకొనే అవకాశం ఉన్నా పారశీకులు ఆ పని చేయలేదు. పేరునూ మార్చలేదు: చతురంగం చత్రంగ్ అయ్యింది, అరబ్బుల నోట షత్రంజ్ అయ్యింది, స్పానిష్‌లో అహెద్రేస్‌గా నేటికీ బతికి ఉంది.

బలాల పేర్లు ఇంకా విచిత్రమైన యాత్ర చేశాయి. గజం పారశీకంలో పీల్, అరబ్బీలో ఫీల్, స్పెయిన్‌లో అల్‌ఫిల్. ఇస్లామీయ దేశాలలో బొమ్మలను రూపసాదృశ్యం లేకుండా చెక్కేవారు కనుక, ఏనుగుకు గుర్తుగా రెండు దంతాల మొలకలు మాత్రం మిగిలాయి. ఆంగ్లేయులకు ఆ చీలిక క్రైస్తవ మతాధికారి కిరీటంలా కనిపించి బిషప్ అయ్యింది. ఫ్రెంచివారికి విదూషకుడు అయ్యింది. రష్యనులు మాత్రం స్లోన్ అని, అనగా ఏనుగని, ఇప్పటికీ పిలుస్తున్నారు. రథం రుఖ్ అయి, ఐరోపాలో కోటబురుజుగా మారింది. రష్యాలోను, వంగదేశంలోను అది పడవ. మంత్రి సుమారు 1000 నాటి ఒక లాటిన్ పద్యానికే రాణి అయిపోయాడు. అప్పటికి అతని నడక మూలగా ఒక్క గడి మాత్రమే. పదిహేనవ శతాబ్దాంతంలో ఐరోపావారు అతనికి దిగంతవ్యాప్తమైన వేగాన్ని ఇచ్చారు. తెలుగువారు ఆ కొత్త వేగాన్ని స్వీకరించి కూడా మంత్రిని మంత్రిగానే ఉంచుకున్నారు. తెలుగునాట మరొక విశేషం ఉంది. మూలగడిలో ఏనుగు, రాజుకు మంత్రికి ఆనుకొని శకటు. ప్రాచీన విన్యాసంలో మూలన రథం, లోపల గజం. శకటమే రథం కనుక రెండూ చోట్లు మార్చుకున్నాయే గాని, గుర్రంతో, బంటుతో కలిపి నాలుగంగాలూ తెలుగు పలకపై చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంట్లో పిల్లలు రోజూ పలికే ఈ పేర్లను వదిలి రూక్, బిషప్ అని నేర్పించే తల్లిదండ్రులు, ఆ తరువాత ఐదువేల ఏళ్ల ఘనతను ఉపన్యసిస్తారు.

ఏనుగు నడకకు సంబంధించి అల్‌బీరూనీ 1030 ప్రాంతంలో రాసిన సాక్ష్యం ఒకటుంది. తాను చూసిన హైందవుల ఆటలో ఏనుగు ముందుకు ఒక గడి, నాలుగు మూలలకు ఒక్కొక్క గడి కదులుతుందని, ఆ అయిదూ తొండానికి, నాలుగు పాదాలకు సంకేతాలని వివరించాడు. సరిగ్గా ఆ అయిదు నడకలే బర్మా దేశపు ఆటలోని ఏనుగుకు, జపాను షోగీలోని వెండి సేనానికి నేటికీ ఉన్నాయి. ఏ శాసనమూ లేకుండా, ఏ దండయాత్రా లేకుండా ఒక భారతీయ కల్పన తూర్పు సముద్రం దాటిన గుర్తు అది. దీనిని ఏ వేదిక మీదా ఎవరూ చెప్పరు.

క్రీడాగతిని అక్షరాలలో నిక్షేపించడంలోనూ ఈ దేశపు ప్రతిభ తక్కువది కాదు. నేడు లోకమంతటా వాడే గుర్తుల పద్ధతిలో నిలువు వరుసలకు అక్షరాలు, అడ్డు వరుసలకు అంకెలు. 1737లో అలెప్పో నగరవాసి ఫిలిప్ స్టమ్మా దానికి దగ్గరి రూపాన్ని పారిస్‌లో అచ్చువేశాడు. అంతకు పూర్వమే, తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు కావ్యాలంకారంలో రథపదం, తురగపదం, గజపదం అనే చిత్రబంధాలను చూపాడు. పాదానికి ఎనిమిది అక్షరాలున్న అనుష్టుప్ శ్లోకాన్ని నాలుగు వరుసలుగా రాస్తే అది సగం అష్టాపదం. గుర్రం నడకను అనుసరించి అక్షరాలను ఏరుకుంటూ పోతే శ్లోకం మళ్లీ సిద్ధిస్తుంది. పద్నాలుగవ శతాబ్దంలో వేదాంతదేశికులు శ్రీరంగనాథుని పాదుకలపై సహస్ర శ్లోకాలు రచిస్తూ, చిత్రపద్ధతిలో దీనిని పరాకాష్ఠకు తెచ్చారు. ఒక శ్లోకాన్ని మామూలుగా చదివితే ఒక స్తుతి. అదే శ్లోకాన్ని ముప్పైరెండు గడులలో అమర్చి గుర్రం నడకతో చదివితే, మరుసటి శ్లోకం అక్షరం పొల్లుపోకుండా వెలువడుతుంది. అదీ స్తుతియే. ఆయిలర్ గుర్రపు పరిక్రమణాన్ని గణితసమస్యగా పరిశీలించింది 1759లో. దేశికుల శ్లోకాన్ని సందేహించేవాడికి ఎవరి మాటా అక్కరలేదు, కాగితంపై గడులు గీసి గుర్రాన్ని నడిపి చూసుకోవచ్చు. ఒక్క అక్షరం తప్పితే బంధమంతా విరిగిపోతుంది. భక్తికీ ఋజుత్వానికీ వైరం లేదనడానికి ఇంతకన్నా ప్రత్యక్షమైన నిదర్శనం దుర్లభం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది: ఐతిహ్యం కూడా ప్రమాణమే కదా, పౌరాణికులు దానిని అంగీకరించారు కదా అని. తమిళదేశంలో తిరువారూరు మండలంలోని పూవనూరులో శివుడు చతురంగవల్లభనాథుడు. రాజరాజేశ్వరితో చదరంగమాడి గెలిచాడని స్థలపురాణం. కేరళలో అంబలప్పుళ కృష్ణుడు పందెంలో గడికి రెట్టింపు చొప్పున ధాన్యం కోరి, రాజు చెల్లించలేకపోతే పాలపాయసంగా నిత్యం తీర్చమన్నాడని కథ. వీటిని విన్న భక్తుడు చేతులు జోడిస్తాడు, అది ఉచితం. అవి ఈశ్వరలీలను ఆస్వాదించడానికి పుట్టిన కథలు. ఆట ఏ శతాబ్దంలో పుట్టిందో తేల్చడానికి పుట్టినవి కావు. పాయసాన్ని ప్రసాదంగా స్వీకరించేవాడు ఆ అరవైనాలుగు గడుల ధాన్యరాశి భూమ్మీద ఏ గాదెలో పట్టిందని అడగడు. ఐతిహ్యాన్ని ప్రత్యేక ప్రమాణంగా నైయాయికులు ఒప్పుకోకుండా శబ్దంలోనే చేర్చారు, శబ్దానికి ఆప్తత్వాన్ని నియమంగా పెట్టారు. మొదట ఎవరు చెప్పారో తెలియని మాటకు ఆప్తత్వం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక్కడైతే ఎవరు చెప్పారో తెలుసు. జోన్స్, ఫోర్బ్స్.

మరొక ఆక్షేపణ మృదువుగా వస్తుంది: చెప్పనివ్వండి, పిల్లలకు సంస్కృతిపై గౌరవం పెరుగుతుంది, నష్టమేముంది అని. నష్టం ఉంది. పదేళ్లకు విన్న పిల్లవాడు ఇరవై ఏళ్లకు గ్రంథాలయానికి వెళ్తాడు. సభాపర్వం తెరిస్తే పాచికలు కనిపిస్తాయి, యుద్ధకాండలో చదరంగం కనిపించదు. ఆ క్షణాన అతడు వదులుకొనేది ఒక్క చదరంగపు కథనే కాదు. అదే నోట, అదే గంభీర స్వరంలో విన్న ఆత్మవిద్యనూ అదే గంపలో వేసి బయట పారబోస్తాడు. వేదాంతశ్రవణానికి రావలసిన ఎందరు యువకులు ఇట్లా గుమ్మం నుంచే తిరిగిపోయారో, ఆ లెక్క కరతాళధ్వనులలో వినిపించదు.

పూర్వులకు ఈ అతిశయం అవసరమైనట్లు కనిపించదు. కల్యాణి చాళుక్య ప్రభువు సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దపు మానసోల్లాసంలో చదరంగాన్ని రాజవినోదాలలో ఒకటిగా వర్ణించాడు, దేవతలకు ముడిపెట్టలేదు. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచేవాడని బొడ్డుచర్ల తిమ్మనను కొనియాడే తెలుగు చాటువు తిమ్మన నేర్పును మెచ్చుతుందే గాని, అతని ఆట ద్వాపరయుగం నాటిదని చెప్పదు. ఆటను ఆటగా గౌరవించే స్థైర్యం వారికుండేది.

అభిమానం ఎక్కడ చూపాలో అక్కడ చూపకపోవడమే ఈ అసత్యవాదుల మరొక అపరాధం. చదరంగంలో ఆరంభవిన్యాసాలకు పేర్లున్నాయి. దేశీయ నియమాల ప్రకారం బంటు తొలి ఎత్తులోనైనా ఒక్క గడే కదులుతుంది. కనుక భారతీయ క్రీడాకారులు మొదట తమ ప్రాంగణంలోనే వ్యూహాన్ని సమకూర్చుకొని, శత్రువును మధ్యభాగానికి రానిచ్చి, ఆ తరువాత పార్శ్వాల నుంచి ఛేదించేవారు. అరబ్బులు ఇట్టి సిద్ధవ్యూహాలను తాబియా అనేవారు. ఈ వ్యూహదృష్టితో పెరిగినవాడు మహేశచంద్ర బందోపాధ్యాయుడనే వంగ బ్రాహ్మణుడు. 1848 నుంచి పన్నెండేళ్ల పాటు కలకత్తాలో జాన్ కొక్రేన్ అనే బ్రిటిషు దిట్టతో వందల ఆటలు ఆడాడు. అవి అక్షరబద్ధమై మిగిలాయి. 1848 నాటి ఒక ఆటలో కొక్రేన్ నాలుగవ ఎత్తుకే తన గుర్రాన్ని ఎఫ్7 గడిలో బలిచ్చాడు. ఆ విన్యాసం నేటికీ కొక్రేన్ పేరుతోనే ప్రసిద్ధం. ఎదుట కూర్చున్నవాడి పేరు ఎవరికీ గుర్తులేదు. మహేశచంద్రుని వంటి క్రీడాకారుల శైలి నుంచే భారతీయ రక్షణలు అనే పేరు పుట్టింది. విశ్వనాథన్ ఆనంద్ మొదలు కోనేరు హంపి, గుకేశ్ దాకా అందరూ ఆ రక్షణలకు అటో ఇటో కూర్చొని ఆడినవారే.

1855లో కొక్రేన్ తెల్లపావులతో డీ4 ఆడాడు, మహేశచంద్రుడు గుర్రాన్ని ఎఫ్6కు దూకించాడు. సీ4కు జీ6, గుర్రం సీ3కి వస్తే బంటు డీ5కు. మూడవ ఎత్తులోనే మధ్యభాగంపై ఆ ఆకస్మిక సవాలు. వియన్నా నగరంలో ఎర్నెస్ట్ గ్రున్‌ఫెల్డ్ దానిని ప్రచారంలోకి తెచ్చింది 1922లో, అరవైయేడేళ్ల తరువాత. ప్రపంచంలోని ప్రతి చదరంగ గ్రంథంలోనూ ఆ విన్యాసానికి ఉన్న పేరు గ్రున్‌ఫెల్డ్ రక్షణ.